ఆటలోని ఇల్లు చెప్పే సంగతులు



రక్తపోటు, మధుమేహం, మోకాళ్ళ నొప్పులు, పిల్లల టీకాలు అంటూ రాసే ఈ శీర్షికలో ఈసారి ఒక తరహా వీడియో గేముల గురించి రాస్తున్నాను. వీటిలో తుపాకులు పేలవు, కార్లు గుద్దుకోవు. ఒక బొమ్మ మనిషి ఉంటాడు, అతనికొక ఇల్లు ఉంటుంది. ఆ ఇంటి గోడలకు ఏ రంగు వేయాలి, మంచం ఏ మూలకు వేయాలి, దీపం ఎక్కడ పెట్టాలి, కిటికీకి ఏ పర్దా కట్టాలి అని ఆలోచించి అమర్చుకోవడమే ఆటలో ముఖ్యమైన పని. గెలుపు ఓటమి అంటూ పెద్దగా ఏమీ ఉండవు. మీ ఇంట్లో బడికి వెళ్ళే ఆడపిల్లో, హాస్టల్లో ఉండే కొడుకో, ఉద్యోగం చేసే కోడలో ఇలాంటి ఆట ఆడుతూ ఉండవచ్చు. మీరు గమనించి ఉండకపోవచ్చు.

దీనితో వైద్యుడికేం పని అని మీరు అడగవచ్చు. చెబుతాను.

ప్రభుత్వ వైద్యశాలల్లో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసినవాడికి ఒక అలవాటు మిగిలిపోతుంది. రోగి కూర్చోగానే నొప్పి గురించి అడుగుతాం. ఆ తరువాత ఇంటి గురించి అడుగుతాం. ఎన్ని గదులు, ఎంతమంది ఉంటారు, వంట కట్టెల మీదా గ్యాసు మీదా, గాలి వచ్చే కిటికీ ఉందా, నీళ్ళు ఎక్కడి నుండి తెస్తారు. క్షయ సోకినవారికి ఈ ప్రశ్నలు వేయకుండా వైద్యం చేయలేం. పొయ్యి పొగ సంగతి తెలియకుండా ఆడవారి దగ్గుకు మందు రాస్తే ఆ దగ్గు మళ్ళీ వస్తుంది. రోగ నిర్ణయంలో సగం ఇంట్లోనే దొరుకుతుందని మా గురువులు చెప్పేవారు. ఈ మధ్య నా పాత ప్రశ్నల పట్టికకు మరొకటి చేరింది: “ఆటలో నీ ఇల్లు ఎట్లా ఉంది?”

ఈ ఆటలు ఎలా పుట్టాయో ముందుగా తెలుసుకోవాలి. ‘ది సిమ్స్’ అనే ఆట 2000 సంవత్సరంలో వచ్చింది. దాన్ని రూపొందించిన విల్ రైట్ అనే అమెరికన్ ఇల్లు 1991 అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ కొండల్లో చెలరేగిన కార్చిచ్చుకు కాలిపోయింది. మళ్ళీ సంసారం కూర్చుకుంటూ, మనిషికి ఏ వస్తువు ఎందుకు కావాలి అనే ఆలోచనలో పడ్డాడాయన. ఆ ఆలోచన నుండే ఈ ఆట పుట్టింది. తొలుత దాన్ని ఇల్లు కట్టే ఆటగానే తలపెట్టారు. కట్టిన ఇల్లు బాగుందో లేదో తేల్చడానికి అందులో మనుషులను ప్రవేశపెట్టారు. ఇంట్లో మసలే మనిషి సుఖంగా ఉంటేనే అది మంచి ఇల్లు. ఎంత చక్కటి పరీక్ష! మన వాస్తు చర్చల్లో కూడా ఈ పరీక్ష పెడితే బాగుండును.

రెండవది ‘యానిమల్ క్రాసింగ్’. జపాన్‌లో 2001లో నింటెండో సంస్థ దీన్ని విడుదల చేసింది. రూపకర్తల్లో ముఖ్యుడైన కత్సుయా ఎగుచి చిబా ప్రాంతంలో పుట్టి పెరిగి, ఉద్యోగం కోసం క్యోటో వెళ్ళాడు. కుటుంబాన్ని, స్నేహితులను విడిచి వచ్చిన వెలితిని ఆటగా మలిచానని ఆయనే చెప్పుకున్నాడు. ఒకటి కాలిపోయిన ఇంటి నుండి పుట్టింది, రెండవది విడిచివచ్చిన ఊరి నుండి పుట్టింది. ఈ సంగతి తెలిశాక వీటిని పనిలేని పిల్లల కాలక్షేపమని కొట్టిపారేయడం నాకు సాధ్యం కాలేదు.

నిజానికి ఇది మనకు కొత్తదా? నేనుండేది కొండాపూర్. హైదరాబాదులో ఐటీ కార్యాలయాల నడుమ ఉన్న కొండాపూర్ కాదు. సంగారెడ్డి జిల్లాలోని మండల కేంద్రం. మా ఊరి దగ్గర కోటగడ్డ అనే దిబ్బ ఉంది. నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ వారు 1940 ప్రాంతంలో అక్కడ తవ్వకాలు జరిపితే శాతవాహనుల కాలపు ఇటుక కట్టడాలు, నాణేలు, పూసలు, కాల్చిన మట్టితో చేసిన మనుషుల, జంతువుల బొమ్మలు బయటపడ్డాయి. ఇక్కడి మ్యూజియంలో వాటిని చూడవచ్చు. అరచేతిలో ఇమిడే ఆ బొమ్మల ముందు నిలబడినప్పుడల్లా, మనిషి తన లోకాన్ని చిన్నది చేసి చేతిలో పెట్టుకోవాలనుకోవడం రెండు వేల ఏళ్ళ కిందటి ముచ్చట అనిపిస్తుంది.

మన బాల్యంలో తడి ఇసుకలో పాదం పెట్టి, పైన ఇసుక మెత్తి, మెల్లగా కాలు తీసి పిచ్చుకగూళ్ళు కట్టుకున్నాం. ఆడపిల్లలు అరుగు మూల బొమ్మరిల్లు సర్ది, చిట్టి చట్టిలో గుజ్జనగూళ్ళు వండారు. దసరాకో సంక్రాంతికో మెట్లు కట్టి బొమ్మల కొలువు తీర్చే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. కొండపల్లి బొమ్మల్లో ఊరంతా కొలువుదీరుతుంది. ఏ బొమ్మ పక్కన ఏ బొమ్మ ఉండాలో గంటల తరబడి వాదించుకున్న అక్కచెల్లెళ్ళను చూసి, వీరికి మానసిక రుగ్మత ఉందని ఎవరూ అనలేదు. చేతిలోని మట్టి పోయి గాజు పలక వచ్చింది. కోరిక మాత్రం అదే.

మా మనవరాలు అమెరికాలో డాలస్ దగ్గర ఉంటుంది. పద్నాలుగేళ్ళ పిల్ల. 2020 మార్చి 20న ‘యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్’ అనే కొత్త ఆట వచ్చింది. ఆ తరువాత అయిదు రోజులకే మన దేశంలో లాక్‌డౌన్ మొదలైంది. లోకమంతా ఇళ్ళలో బందీ అయిన ఆ రోజుల్లో కోట్ల మంది ఈ ఆటలో ఇళ్ళు సర్దుకున్నారు. ఈ పిల్ల ఆ తరువాత ఎప్పుడో ఈ ఆట మొదలుపెట్టింది. కిందటి ఏడాది వీడియో కాల్‌లో తన ఇల్లు చూపించి, “తాతా, ముందు గుడారం ఉండె, తరువాత ఇంటికి అప్పు తీసుకున్నా” అన్నది. ఎంత అంటే 98,000 బెల్స్, అంటే అక్కడి నాణేలు. వడ్డీ ఎంత అని అడిగాను. వడ్డీ లేదట. గడువు కూడా లేదట. ఇంటి వాయిదాలు తలచుకుని నిద్ర పట్టక, రక్తపోటు మాత్రలు మింగే నలభై ఏళ్ళవారిని ఎందరినో చూసినవాణ్ణి. ఆ మాట విని పకపకా నవ్వాను. ఆ తరువాత ఆ పిల్ల ఆటలోని ఇంటి ముందర నేల చూపించింది. చుక్కలు పెట్టి ముగ్గు వేసి ఉంది. ఆ ఆటలో మన సొంత నమూనాలు గీసుకుని నేల మీద పరచుకోవచ్చు. వాళ్ళుండే అపార్ట్‌మెంటులో గడప దాటితే తివాచీయే, ముగ్గు వేయడానికి నేల లేదు. ఉన్న చోట దొరకనిది ఆ పిల్ల ఆటలో పెట్టుకుంది.

ఈ చిన్న సంగతి మనసులో ఉండబట్టే మరొక అమ్మాయి విషయంలో నాకు దారి దొరికింది. ఆమె ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను. సొంత ఊరు ఆసిఫాబాద్ వైపు. వయసు ఇరవై రెండు. పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో ఒక కర్మాగారంలో ప్యాకింగ్ పని. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. మా ఊళ్ళో ఉండే ఆమె పెద్దమ్మ ఒక ఆదివారం నా దగ్గరికి వెంటబెట్టుకుని వచ్చింది. తలనొప్పి, కళ్ళ మంట, ఎప్పుడూ నీరసం. “రాత్రి డ్యూటీ దిగి వస్తది సార్, పండుకోదు. ఫోన్ల బొమ్మల ఇల్లు కట్టుకుంట కూసుంటది. జర మీరన్న గట్టిగ చెప్పుండ్రి” అని పెద్దమ్మ ఫిర్యాదు.

గట్టిగా చెప్పడం తేలిక. నేను మాత్రం ఆ ఇల్లు చూపించమ్మా అన్నాను. అమ్మాయి సిగ్గుపడుతూ ఫోను తీసింది. చిన్న గది. నీలం గోడ. ఒక కిటికీ, దాని అవతల ఒక చెట్టు. కిటికీకి ముదురు రంగు పర్దా. పక్కన చిన్న దీపం, ఒక మొక్క. మధ్యలో మంచం.

“ఒకటే మంచం ఉన్నదేమమ్మా? ఇంకా చోటున్నది కదా?”

“ఒకటే పెట్టిన సార్. ఇంకొకటి పెట్టబుద్ధి కాలే.”

అప్పుడు ఆమె నిజంగా ఉండే గది గురించి అడిగాను. ఒక్క గదిలో నలుగురు. ఇద్దరు పగటి పనివారు, ఇద్దరు రాత్రి పనివారు. ఈమె పొద్దున వచ్చి పడుకునే వేళకు మిగతావారు లేచి వంట మొదలుపెడతారు. లైటు వెలుగుతూనే ఉంటుంది. చాప వేసుకునేది పొయ్యి పక్కన. కిటికీ ఒకటి ఉంది కానీ సామాన్లు అడ్డుపెట్టి మూసేశారు. నిద్ర మూడు నాలుగు గంటలకు మించడం లేదు.

పాఠకులారా, ఇప్పుడు ఆమె ఆటలోని గదిని మరొకసారి తలచుకోండి. తనకు మాత్రమే మంచం. పగటి వెలుతురును ఆపే పర్దా. మేలుకున్నప్పుడు చూడటానికి చెట్టు. కళ్ళలో గుచ్చని చిన్న దీపం. రాత్రి పని చేసేవారికి నేను రాయవలసిన సలహా చీటీ అంతా ఆమె ముందుగానే రాసి పెట్టుకుంది. చదివేవారు లేక అది ఫోనులో ఉండిపోయింది.

మన శరీరంలో నిద్రను నడిపే గడియారం వెలుతురును బట్టి నడుస్తుంది. చీకటి పడితే మెలటోనిన్ అనే హార్మోను పెరుగుతుంది, వెలుతురు తగిలితే తగ్గుతుంది. రాత్రి పనిచేసి పగలు పడుకునేవారికి చీకటి గది మందుతో సమానం. ఇక కిటికీ సంగతి. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు ‘సైన్స్’ పత్రికలో ఒక చిన్న అధ్యయనం ప్రచురించాడు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయం తీసివేయించుకున్న 46 మంది వివరాలను ఆయన పరిశీలించాడు. సగం మంది పడకల పక్క కిటికీలోంచి చెట్లు కనిపించేవి, సగం మందికి ఇటుక గోడ కనిపించేది. చెట్లు కనిపించినవారు కొంచెం ముందుగా ఇంటికి వెళ్ళారు, ఘాటైన నొప్పి మందులు తక్కువగా తీసుకున్నారు. చిన్న అధ్యయనమే అయినా ప్రపంచంలో ఆసుపత్రులు కట్టేవారి ఆలోచనను అది మార్చింది. కిటికీ అలంకారం మాత్రమే కాదని ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. ఆమెకు తెలుసు.

మేము చేసింది పెద్దదేమీ కాదు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ తక్కువగా ఉంది, ఇనుము మాత్రలు మొదలుపెట్టాం. పెద్దమ్మ ఆ గదికి వెళ్ళి మిగతా ముగ్గురితో మాట్లాడింది. పొయ్యిని ఒక మూలకు, పడకలను ఇంకో మూలకు మార్చారు. దండెం కట్టి దాని మీద ముదురు రంగు దుప్పటి వేసి తెర చేశారు. కిటికీకి అడ్డం ఉన్న సామాన్లు తీశారు. పొద్దున తొమ్మిది నుండి మధ్యాహ్నం వరకు గదిలో చప్పుడు చేయకూడదని నలుగురూ ఒప్పందం చేసుకున్నారు. రాత్రి పని చేసే మరో అమ్మాయికి కూడా అది మేలే. ఆటను మానమని నేను చెప్పలేదు. నిద్ర లేచాక అరగంట ఆడుకో, పడుకోబోయే ముందు వద్దు అన్నాను. నెల తరువాత వచ్చినప్పుడు నిద్ర అయిదున్నర, ఆరు గంటలకు పెరిగింది. తలనొప్పి తగ్గింది. రాత్రి పని అలసట పూర్తిగా పోలేదు, అది పోయేది కూడా కాదు. అయితే తాను అడగకపోయినా తనకు ఏం కావాలో ఒకరికి తెలిసిందన్న తృప్తి ఆ పిల్ల ముఖంలో కనిపించింది.

అలాగని ఈ ఆటలు ఔషధమని నేను అనను. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ‘యానిమల్ క్రాసింగ్’ ఆడే 2,756 మంది ఆడిన సమయాన్ని ఆట కంపెనీ లెక్కల నుండే తీసుకుని పరిశీలించారు. ఎక్కువ సేపు ఆడినవారు తాము కొంచెం ఎక్కువ సంతోషంగా ఉన్నామని చెప్పారు. సంతోషంగా ఉన్నవారే ఎక్కువ ఆడారేమో ఆ అధ్యయనంతో తేలదు. 2022లో ఏడు రకాల ఆటలు ఆడే దాదాపు 39 వేల మందితో మరింత పెద్ద అధ్యయనం చేస్తే, ఆడిన గంటలు మనసు బాగోగులను పెద్దగా మార్చడం లేదని తేలింది. కాబట్టి గడియారం పట్టుకుని పిల్లలను వేధించడం కన్నా, ఎందుకు ఆడుతున్నారు, దేన్ని వదిలేసి ఆడుతున్నారు అని చూడటం మేలు.

వ్యసనం మాట కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ ఐసీడీ-11లో ఆటల వ్యసనానికి స్థానం ఉంది. అది 2022 జనవరి నుండి అమలులోకి వచ్చింది. మూడు లక్షణాలు చూస్తారు. ఆటను అదుపు చేసుకోలేకపోవడం. తిండి, చదువు, పని, మనుషుల కన్నా ఆటే ముఖ్యం కావడం. నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం. ఇవి జీవితాన్ని బాగా దెబ్బతీస్తూ, సాధారణంగా 12 నెలల పాటు సాగితేనే ఆ పేరు పెడతారు. ఆదివారం రెండు గంటలు గోడరంగులు మార్చే పిల్లను వ్యసనపరురాలని అనకండి. పై మూడు లక్షణాలు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా మానసిక వైద్యులను సంప్రదించండి. కేంద్ర ప్రభుత్వ టెలిమానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేయవచ్చు; తెలుగులో మాట్లాడతారు.

ఇంకొన్ని జాగ్రత్తలు. మొదటిది డబ్బు. ఉచితమని చెప్పే ఫోను ఆటలు చాలావరకు సోఫా కొనాలంటే నాణేలు అడుగుతాయి, నాణేలకు అసలైన రూపాయలు అడుగుతాయి. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు తండ్రి ఫోనులోంచి విడతలుగా 4,300 రూపాయలు పెట్టి ఆటలోని ఇంటికి సామాను కొన్నాడని ఒక తండ్రి నా దగ్గర వాపోయాడు. యూపీఐ పిన్ పిల్లలకు చెప్పకండి. రెండవది సమయం. ‘యానిమల్ క్రాసింగ్’లో గడియారం మన గడియారంతో పాటే నడుస్తుంది, రాత్రి పదింటికి ఊరి అంగడి మూసేస్తారు. అదొక మర్యాద. ఫోను ఆటలు కొన్ని అర్ధరాత్రి కూడా ‘మీ బహుమతి సిద్ధం’ అంటూ గంట కొట్టి పిలుస్తాయి. ఆ గంటలను ఫోను సెట్టింగుల్లో ఆపివేయండి. మూడవది కళ్ళు, చేతులు. తెర చూసేటప్పుడు రెప్పలు తక్కువగా వాలుతాయి, కళ్ళు పొడిబారతాయి. ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకన్లు చూడండి. బొటనవేలి మొదట్లో నొప్పి వస్తే ఆటకు కొన్నాళ్ళు సెలవు ఇవ్వండి. నాలుగవది మార్కులు. కొన్ని ఆటల్లో ఇంటి అలంకరణకు కూడా మార్కులు వేస్తారు. బడిలో మార్కులతో నలిగే పిల్లలు, “మార్కులు చూడకుండా నీకు నచ్చినట్లు సర్దుకో” అనే మాట వింటే ఊపిరి పీల్చుకుంటారు.

ఆటలోని ఇల్లు శాశ్వతం కాదని కూడా పిల్లలకు మెల్లగా చెప్పండి. ఇదే ఆటకు ‘పాకెట్ క్యాంప్’ అని ఒక ఫోను రూపం 2017లో వచ్చింది. 2024 నవంబరులో దాని ఆన్‌లైన్ సేవను కంపెనీ ఆపేసింది. డబ్బు పెట్టి కొనుక్కునే మరో రూపానికి తమ సామాను మార్చుకున్నవారికి అది మిగిలింది, మిగతావారికి పోయింది. పిచ్చుకగూడు కూలితే ఇసుకైనా మన ముందర ఉండేది.

అందుకని నా సలహా ఇది. ఆటలోని ఇంటి నుండి ఒక్క వస్తువును నిజమైన ఇంట్లోకి తెచ్చుకోండి. అది ఖరీదైనది కానక్కరలేదు. ఒక తెర, ఒక మొక్క, పడక పక్కన చిన్న దీపం, సామాన్లు తొలగించిన కిటికీ. అద్దె గదికి కూడా ఇది సాధ్యమే. నా వయసువారికి ఇంకొక మాట: మనం కూడా మన గదిని ఆటలో పిల్లలు చూసినట్లు పైనుండి ఒకసారి చూసుకోవాలి. మంచం నుండి స్నానాల గది దాకా రాత్రిపూట దారి కనిపిస్తోందా? దారిలో జారే పట్టా ఉందా? పట్టుకోవడానికి గోడకు కడ్డీ ఉందా? తుంటి ఎముక విరిగి మంచం పట్టిన ఎందరో వృద్ధులు పడింది బయట రోడ్డు మీద కాదు, తమ ఇంట్లోనే, ఆ పది అడుగుల దారిలోనే.

ఈ వారం మీ ఇంట్లో ఎవరైనా ఫోనులో ఇల్లు సర్దుకుంటూ కనిపిస్తే, కోప్పడే ముందు పక్కన కూర్చోండి. “నీ ఇల్లు నాకు చూపించవా?” అని అడగండి. ఏమున్నాయో చూడండి, ఏది ఒక్కటే ఉందో చూడండి, ఎవరి కోసం కుర్చీ వేశారో అడగండి. వాళ్ళ దగ్గర లేనిదేమిటో మీకు తెలుస్తుంది. అందులో ఏదో ఒకటి మీరు ఇవ్వగలిగినదే అయి ఉంటుంది.

అందరికీ మంచి నిద్ర, మంచి ఆరోగ్యం కలగాలని కోరుకుంటూ, సెలవు.